విదేశాల కొత్త తపాలా బిళ్ళలు

1954 వరకు యానాం తపాలా కార్యాలయంలో ఫ్రెంచి ఇండియా బిళ్ళలు దొరికేవి. చుట్టుపక్కల తెలుగు ఊళ్ళవారికి అవి విదేశీ బిళ్ళలు. యానాం వారికి మాత్రం వీధి చివర కొనుక్కునే వస్తువు. నేడు అటువంటి వీలు ఎవరికీ లేదు. పరదేశంలో కొత్తగా వెలువడిన బిళ్ళ కావాలంటే దూరం నుంచి తెప్పించుకోవలసిందే. అందువల్ల బిళ్ళ ఎంత అందంగా ఉంది అన్నదాని కంటే, ఎక్కడి నుంచి వచ్చింది అన్నదే సేకరించేవారు ముందు చూడాలి.

అన్నిటికంటే సులభమైన మార్గం ఉత్తరం. గల్ఫ్ దేశాల్లోనో అమెరికాలోనో బంధువులున్న కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. అయితే చాలా దేశాల్లో ఇప్పుడు కవరుపై బిళ్ళకు బదులు యంత్రం ముద్రించిన చీటీ అంటిస్తున్నారు. కాబట్టి "కొత్తగా వచ్చిన స్మారక బిళ్ళ అంటించి పంపండి" అని ముందే రాయాలి. బ్రిటన్ నుంచి వచ్చిన బిళ్ళపై దేశం పేరు లేదని కంగారు పడనక్కరలేదు. 1840లో మొట్టమొదటి తపాలా బిళ్ళను వెలువరించిన దేశం అదే. అందుకే అది నేటికీ రాజు లేదా రాణి తల గుర్తునే వేస్తుంది.

రెండవ మార్గం ఆ దేశపు తపాలా శాఖ. చాలా దేశాలు సేకరణకర్తల కోసం ఫిలాటెలిక్ బ్యూరోలు నడుపుతున్నాయి. ఇక్కడ బిళ్ళను దానిపై ముద్రించిన విలువకే ఇస్తారు. కానీ పంపే ఖర్చు బిళ్ళ వెలను మించిపోవచ్చు. పెద్దల సహాయంతో నలుగురు మిత్రులు కలిసి ఒకేసారి తెప్పించుకోవడం మేలు.

చేతిలో డబ్బు తక్కువగా ఉన్న విద్యార్థికి మార్పిడి వంటి మార్గం లేదు. మన తపాలా శాఖ ఫిలాటెలీ ఖాతాను 200 రూపాయలతో తెరవవచ్చు. కొత్త భారతీయ బిళ్ళలు విడుదలైనప్పుడల్లా ఇంటికే వస్తాయి. ఒక్కొక్కటి రెండేసి తీసుకుని, ఒకటి దాచుకుని, రెండవది పరదేశపు సేకరణకర్తకు పంపి, అంతే విలువ గల ఆ దేశపు కొత్త బిళ్ళ పొందవచ్చు. మొదటిసారి కొద్ది విలువ గలవే పంపాలి. అవతలివారు మాట నిలుపుకొంటారని తెలిశాక పెంచుకోవచ్చు. చిరునామా ఇచ్చేముందు ఇంట్లో పెద్దలకు చెప్పాలి.

ఇక వర్తకులు. మంచి వర్తకులు కోరిన దేశపు బిళ్ళలను వెలువడిన వెంటనే సేకరించి ఇస్తారు. చిక్కు వచ్చేది చవకబారు పొట్లాలతోనే. 1960లలో అజ్మాన్, ఫుజైరా వంటి చిన్న అరబ్బు రాజ్యాల పేరుతో వందలాది రంగురంగుల బిళ్ళలు అచ్చయ్యాయి. ఒలింపిక్ ఆటలు, జంతువులు, ప్రసిద్ధ చిత్రాలు, ఏది కావాలంటే అది. వాటిలో చాలా భాగం ఆ ఎడారి గ్రామాల్లో ఏ ఉత్తరంపైనా అంటలేదు. 1971లో ఆ రాజ్యాలు ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో చేరిన తర్వాత కూడా వాటి పేరుతో బిళ్ళలు బజారుకు వచ్చాయి! నేటికీ కొన్ని దేశాల పేర్లతో, ఆ దేశాలకే తెలియకుండా, ఇటువంటివి అచ్చువేసి అమ్మేవారున్నారు.

అలాగని చిన్న దేశపు బిళ్ళలన్నీ అనుమానించరాదు. పసిఫిక్ సముద్రంలోని పిట్‌కెర్న్ దీవిలో ఉండేది కొద్దిమందే. అయినా 1940 నుంచి ఆ దీవి బిళ్ళలు సక్రమంగానే వెలువడుతున్నాయి. చాలాకాలం అక్కడివారికి ముఖ్యమైన రాబడి అదే.

మరి తేడా తెలిసేదెలా? 1874లో ఏర్పడిన విశ్వ తపాలా సంఘం, సభ్యదేశాలు ఫిర్యాదు చేసిన దొంగబిళ్ళల వివరాలను అన్ని దేశాలకూ తెలియజేస్తుంది. 2002 జనవరి 1 నుంచి అసలు బిళ్ళలకు సంఖ్యలిచ్చే పట్టికనూ నడుపుతోంది. ప్రతి సంఖ్యలోనూ దేశాన్ని తెలిపే రెండక్షరాలు, వరుస అంకె, సంవత్సరం ఉంటాయి. కాని అన్ని దేశాలూ తమ బిళ్ళలన్నిటినీ అందులో నమోదు చేయవు. పట్టికలో కనిపించకపోతే ఆ దేశపు తపాలా శాఖ ప్రకటించిన విడుదలల జాబితాతో సరిచూసి, ఆ తర్వాతే డబ్బు చెల్లించాలి.