పట్టుపోగులోని పూసల హారం

ధర్మవరం పట్టుచీర అనగానే వెడల్పాటి జరీ అంచు గుర్తుకు వస్తుంది. పెళ్ళిళ్ళలో ఆ చీర కట్టుకొన్నవారు మెడలో హారం కూడా వేసుకొంటారు. అయితే ఆ చీరలోని ఒక్కొక్క పట్టుపోగులోనూ కంటికి కనిపించని హారాలు ఎన్నో ఉన్నాయని మీకు తెలుసా? వాటిలో ఒకదాని నమూనాను మనమే పూసలతో గుచ్చి మెడలో వేసుకోవచ్చు.

అణువుల ఆకారాలను అలంకారాలుగా వాడుకోవడం కొత్తేమీ కాదు. 1951లో బ్రిటన్‌లో జరిగిన జాతీయ ఉత్సవానికి స్ఫటిక శాస్త్రజ్ఞురాలు హెలెన్ మెగా చొరవతో ఇన్సులిన్, హీమోగ్లోబిన్ మొదలైన పదార్థాల స్ఫటిక చిత్రాలను బట్టలమీద, గోడ కాగితాలమీద డిజైన్లుగా వేశారు. మెలితిరిగిన నిచ్చెనలాంటి డి.ఎన్.ఎ. ఆకారంలో లోలకాలు, చెవిపోగులు నేడు అనేక దేశాలలో దొరుకుతున్నాయి. మనం పట్టుతో మొదలుపెడదాం.

గూటి నుంచి మగ్గానికి

హిందూపురం, పెనుకొండ ప్రాంతాలలో రైతులు మల్బరీ తోటలు వేసి, ఆ ఆకుతో పట్టుపురుగులను మేపుతారు. హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్ ఉంది. దానికి దగ్గరలోని కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉంది. గూళ్ళను వేడినీటిలో ఉడికించి దారం తీస్తారు. ధర్మవరం మగ్గాలమీద పట్టుదారం చీరగా మారుతుంది.

గూటిని ఎందుకు ఉడికించాలి? పురుగు వదిలే పోగులో రెండు రకాల ప్రోటీన్లు ఉంటాయి. లోపలిది ఫైబ్రాయిన్. దాని చుట్టూ ఉన్న జిగురు సెరిసిన్. వేడినీటిలో జిగురు మెత్తబడి పోగు విడివడుతుంది. ఫైబ్రాయిన్ మాత్రం ఆ నీటిలో కరగదు. దీనికి కారణం దాని పూసల వరుసలోనే ఉంది.

మూడు పూసలు, ఒక వరుస

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఫైబ్రాయిన్‌లోని పెద్ద గొలుసులో 5,263 అమైనో ఆమ్లాలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం మూడే రకాలు: గ్లైసిన్, అలనిన్, సెరిన్. గొలుసు పొడవునా పదేపదే వచ్చే వరుస ఇది:

గ్లైసిన్ – అలనిన్ – గ్లైసిన్ – అలనిన్ – గ్లైసిన్ – సెరిన్

గొలుసు చాచి ఉన్నప్పుడు ఒక ఆమ్లం పక్కభాగం పైకి, తరువాతి దాని పక్కభాగం కిందికి తిరిగి ఉంటాయి. అందువల్ల గ్లైసిన్‌లన్నీ ఒకవైపుకు, మిగిలినవి రెండోవైపుకు వస్తాయి. గ్లైసిన్ పక్కభాగం ఒకే ఒక హైడ్రోజన్ పరమాణువు; అంతకంటే చిన్నది లేదు. ఇలాంటి గొలుసులు పక్కపక్కన చేరి మడతలు పెట్టిన రేకులా అమరుతాయి. ఆ రేకులు ఒకదానిమీద ఒకటి బిగువుగా కూర్చుంటాయి. నీరు చొరబడడానికి సందు దొరకదు. ఇటువంటి మడతల రేకును 1951లో పౌలింగ్, కోరీ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు.

వరుసను ఎవరు చెబుతారు?

పూసల వరుస పురుగు జన్యువులో రాసి ఉంటుంది. ఆ లిపిలో అక్షరాలు నాలుగే: ఏ, టి, జి, సి. మూడేసి అక్షరాలు కలిసి ఒక అమైనో ఆమ్లాన్ని సూచిస్తాయి. ఈ లిపిని చదివిన కృషికి అవిభక్త భారతదేశంలో పుట్టిన హరగోవింద్ ఖొరానా 1968లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకొన్నారు.

జి-జి-టి అంటే గ్లైసిన్. నడిమి అక్షరం మారి జి-టి-టి అయితే వాలిన్ వస్తుంది. వాలిన్ పెద్దది, గ్లైసిన్ చోటులో అది ఇమడదు.

మెడలోని హారంలో ఒక పూస తప్పితే అందానికి వచ్చే లోటు లేదు. శరీరంలో అలా కాదు. మన హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు ఉన్నాయి. వాటిలో ఆరవది గ్లుటామిక్ ఆమ్లం. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు జన్యువులలోనూ దాని బదులు వాలిన్ ఉంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి మారిపోతాయి. ఇదే సికిల్ సెల్ వ్యాధి. మన ఏజెన్సీ ప్రాంతాలలో ఎన్నో కుటుంబాలు దీనితో బాధపడుతున్నాయి. ఒకే ఒక్క పూస మారినందుకు ఇంత బాధ!

చేసి చూడండి

8 మిల్లీమీటర్ల పూసలు 60 తీసుకోండి: తెల్లవి 30, ఎర్రవి 20, పచ్చవి 10. తెలుపు గ్లైసిన్, ఎరుపు అలనిన్, పచ్చ సెరిన్. పై వరుసలో పదిసార్లు గుచ్చండి. 48 సెంటీమీటర్ల హారం తయారవుతుంది. మొత్తం గొలుసును ఇలాగే గుచ్చితే 42 మీటర్లు దాటుతుంది. ఐదున్నర మీటర్ల చీరలు ఏడు వరుసగా పరిచినా అంత పొడవు రాదు!

ఆలోచించండి

1. 5,263 అమైనో ఆమ్లాలను సూచించడానికి ఎన్ని అక్షరాలు కావాలి?
2. జి-జి-ఏ కూడా గ్లైసిన్‌నే సూచిస్తుంది. జి-జి-టి లో చివరి అక్షరం ఏ గా మారితే పట్టు చెడుతుందా?

(జవాబులు: 1. 15,789. 2. చెడదు, పూస మారలేదు కదా!)