దీపం ఆరితే దోషమెక్కడ?

సముద్రాన్ని చేరబోయే గోదావరి పాయలుగా చీలి, గౌతమీ వసిష్ఠల నడుమ కోనసీమను ఏర్పరచింది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలోని కొబ్బరితోటలకు, లంకభూములకు నీరే జీవం. కాని అక్కడి వాహనాల విద్యుత్ తీగలకు ఆ తేమ, సముద్రం మీది ఉప్పుగాలి నిత్యశత్రువులు.

బురదలో, ఇసుకలో నడపడానికి విదేశాలలో ఆల్ టెరైన్ వాహనాలను వాడతారు. లంకగ్రామాలలో ఆ పనిని ట్రాక్టరే నిర్వహిస్తుంది. 2022 జూలైలో వచ్చిన గోదావరి వరదలో అనేక లంకగ్రామాలు జలదిగ్బంధంలో చిక్కుకున్నాయి. అటువంటి వేళ రాత్రిపూట ట్రాక్టరు దీపం ఆరిపోతే దారి తప్పడమే కాదు, ప్రాణాలకే ముప్పు.

బ్యాటరీ ధనధ్రువం నుండి బయలుదేరిన విద్యుత్తు ఫ్యూజు, స్విచ్చిల మీదుగా దీపాన్ని చేరి, వాహనపు ఇనుప చట్రం ద్వారా రుణధ్రువానికి తిరిగి రావాలి. ఈ తిరుగుదారినే మెకానిక్కులు ‘ఎర్తు’ అంటారు. ఈ వలయం ఎక్కడ తెగినా దీపం వెలగదు. కనుక ఊహతో బల్బులు మార్చక, దారి పొడవునా వరుసగా పరీక్షించాలి.

మొదట బ్యాటరీని చూడాలి. పూర్తిగా ఛార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ, ఇంజను ఆగి ఉన్నప్పుడు మల్టీమీటరులో సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు అది 13.5 నుండి 14.5 వరకు పెరగాలి. పెరగకపోతే లోపం ఛార్జింగు భాగంలో ఉన్నట్లు గ్రహించాలి. తరువాత ఫ్యూజును, స్విచ్చిని, దీపం వద్దకు చేరే తీగను పరీక్షించాలి. అక్కడి వరకు వోల్టేజి సక్రమంగా ఉండి, బల్బు కూడా మంచిదైతే, దోషం ఎర్తులోనే ఉంటుంది.

కోనసీమ వంటి తీరప్రాంతంలో ఎర్తు కలిసేచోట తుప్పు, రాగి తీగలకు చిలుము తరచుగా పడతాయి. 1827లో జర్మనీ శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్ ప్రకటించిన సూత్రం దీని ఫలితాన్ని తెలుపుతుంది. 4 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించే చోట అర ఓము నిరోధం అడ్డుపడితే 2 వోల్టులు అక్కడే వృథా అవుతాయి. దీపం మసకబారుతుంది. బ్యాటరీ రుణధ్రువపు తీగను విప్పి, ఆ అతుకును గరుకు కాగితంతో శుభ్రపరచి, గట్టిగా బిగించి, పైన గ్రీజు పూయడమే దీనికి చికిత్స.

ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని దాని స్థానంలో రాగితీగ చుట్టడం మిక్కిలి ప్రమాదకరం. ఎక్కడో ఎలుక కొరికిన తీగ, లేదా ఒరుసుకొని తొడుగు పోయిన తీగ చట్రానికి తగులుతున్నదని ఫ్యూజు హెచ్చరిస్తున్నది. ఆ హెచ్చరికను అణచివేస్తే ఫ్యూజుకు బదులు తీగలే కాలిపోతాయి. అలాగే వరదనీటిలో మునిగిన వాహనానికి వెంటనే తాళం తిప్పరాదు. బ్యాటరీ తీగలను విప్పి, అతుకులన్నీ పూర్తిగా ఆరిన పిమ్మటనే పరీక్షించాలి.

దీపం ఆరిన చోటనే దోషం ఉండనక్కరలేదు. కనిపించే ఫలితం నుండి కనిపించని కారణం వరకు ఓపికతో, క్రమంగా వెదకడమే శాస్త్రీయ దృష్టి. ఖరీదైన పరికరాల కంటె ముందుగా మెకానిక్కుకు కావలసినది ఆ దృష్టియే.