‘రూహ్’ అన్నారని హడలిపోకండి

సందేహం: ఇండస్ట్రియల్ ఏరియాలో లారీ నడుపుతాను. మొన్న ఫోర్‌మన్ ‘ఖలాస్, రూహ్’ అని గట్టిగా అన్నాడు. నా కొలువు పోయినట్టేనా?
– జగిత్యాల సోదరుడు, దోహా

సమాధానం: కంగారు పడకండి. డ్యూటీ దిగే వేళ ఆ మాట అంటే ‘పనైపోయింది, ఇక బయల్దేరు’ అనే; మన ‘వెళ్లండి’కి సాటివచ్చే మర్యాద రూపం అక్కడి రోజువారీ మాటల్లో లేదు కాబట్టి మోటుగా తోచింది. మామూలుగా కొలువులోంచి తీసేయాలంటే రాతపూర్వకంగా నోటీసివ్వాలి. ఖతార్ కార్మిక చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ల లోపు సర్వీసుకు ఒక నెల, ఆపైన రెండు నెలలు. ఏం రాసుందో తెలియని అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టమన్నప్పుడే జాగ్రత్త పడాలి.

సందేహం: మేడమ్ డ్రైవర్‌ను ‘రూహ్’ అంటారు, నన్ను ‘రూహీ’ అంటారు. నేను అన్నిటికీ ‘రూహ్’ అంటే పిల్లలు నవ్వుతున్నారు. నాకీ భాష వస్తుందా?
– గోదావరి జిల్లా సోదరి, అల్ వక్రా

సమాధానం: తప్పకుండా వస్తుందమ్మా. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు అని క్రియ చివర మార్చడం మీకు పుట్టుకతో వచ్చిన విద్యే. అరబ్బీలో మొదలు కూడా మారుతుంది, అంతే. నేను వెళ్తాను ‘అరూహ్’, అతను ‘యరూహ్’, మేము ‘నరూహ్’. ‘నువ్వు వెళ్తావు’ అని మగవాడితో ‘త్రూహ్’ అంటారు, ఆడమనిషితో ‘త్రూహీన్’. చిత్రమేమిటంటే ‘ఆమె వెళ్తుంది’ అన్నా ‘త్రూహ్’ అనే. అందరికీ ఒకే ‘రూహ్’ వాడడం గల్ఫ్‌లో వలస కార్మికులకు మామూలే, స్థానికులూ వాళ్లతో అలాగే మాట్లాడతారు. ఆసుపత్రిలోనో పోలీసుల దగ్గరో మాత్రం ఎవరు వెళ్లారో తేలాలి: ‘వెళ్లాను’, ‘వెళ్లావు’ (మగవాడితో) రెండూ ‘రిహ్త్’ కనుక ముందు ‘అనా’ (నేను) చేర్చండి.

సందేహం: రూహ్ అంటే ఆత్మ అని మా పాపకు బడిలో చెప్పారట. మేం ‘వెళ్లు’ అని నేర్పాం. తప్పు నేర్పామా?
– ఒక తండ్రి, దోహా

సమాధానం: లేదండీ, రెండూ సరైనవే. రా, వావ్, హా అనే మూడక్షరాల ధాతువు నుంచే ‘వెళ్లు’ అనే రూహ్‌తో పాటు ఆత్మ (రూహ్), గాలి (రీహ్), విశ్రాంతి (రాహా) వచ్చాయి. హైదరాబాద్‌లో రంజాన్‌కు తాగే రూహ్ అఫ్జాలోనిదీ ఆ రూహే. ప్రాచీన అరబ్బీలో ‘రాహ’ ముఖ్యంగా సాయంత్రపు ప్రయాణానికి వాడేవారు, పొద్దున్నే బయల్దేరడానికి ‘గదా’ అని వేరే క్రియ ఉండేది. వాడుకలో ఆ పొద్దు తేడా పోయి, ఎప్పుడు వెళ్లినా ‘రాహ్’ అయింది. పరీక్షలో మాత్రం బడి అరబ్బీ క్రియ ‘దహబ’ రాయమనండి; ఇంటి మాట రాస్తే మార్కులు పోవచ్చు.