అప్పు తీర్చే ప్రయాణం అప్పుతో మొదలైతే

సమస్య

జగిత్యాల జిల్లాకు చెందిన 34 ఏళ్ల బీడీ కార్మికురాలు ఒకరు తన కుటుంబం తేల్చుకోలేకపోతున్న ఒక నిర్ణయం గురించి లేఖ రాశారు. భర్తకు రెండెకరాల భూమి ఉన్నా, వేసిన బోర్లు ఎండిపోవడంతో వాటి కోసం నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీపై తెచ్చిన 2 లక్షల అప్పు అలాగే మిగిలిపోయింది; ఆయన తాపీ పనికి వెళ్తున్నా పని దొరకని రోజులే ఎక్కువ కావడంతో, ఇల్లు చాలావరకు ఆమె చుట్టే బీడీల మీదే నడుస్తోంది. పక్క ఊరి ఏజెంటు ఒకరు దుబాయిలో నెలకు 1,000 దిర్హముల జీతం, ఉండడానికి గది ఇప్పిస్తానని, ముందు విజిట్ వీసాపై వెళ్తే అక్కడ దానిని కంపెనీ వీసాగా మార్పిస్తానని చెప్పి 1,60,000 రూపాయలు అడుగుతున్నాడు. ఆ సొమ్మును కూడా అదే వడ్డీకి తేవాలని పదో తరగతి చదవని భర్త పట్టుబడుతుండగా, ఈ ఏడాది మంచి మార్కులతో పది పాసైన కూతురిని చదువు మాన్పించి బీడీల చాట ముందు కూర్చోబెట్టాలని అత్తగారు అంటున్నారు. వద్దంటే ఎదుగుదలకు అడ్డుపడిందన్న మాట పడాలి, సరేనంటే ఉన్నది కూడా పోతుందేమోనన్న భయం ఉంది. ఈ స్థితిలో భర్తను ఆపడం న్యాయమా, పంపడం న్యాయమా అన్నది ఆమె ప్రశ్న.

సలహా

వానల మీద, బోర్ల మీద ఆధారపడిన ఉత్తర తెలంగాణ పల్లెల్లో గల్ఫ్ వలస దశాబ్దాలుగా కుటుంబాల బతుకుదెరువులో భాగమైంది. ఆ సొమ్ముతో ఇల్లు కట్టుకున్నవారూ, అప్పులతో తిరిగి వచ్చినవారూ ఒకే వాడలో కనిపిస్తారు. ఆ ఇద్దరి మధ్య తేడా ఎక్కువగా కష్టపడే గుణంలో గాక, బయలుదేరే నాటికి నెత్తిన ఉన్న అప్పులోను, చేతిలో ఉన్న కాగితంలోను ఉంటుంది కనుక, లేఖకురాలి ప్రశ్నను పంపడమా ఆపడమా అని గాక, ఎంత ఖర్చుతో, ఏ వీసాపై పంపడం అని మార్చుకోవడం అవసరం.

మొదట లెక్క చూడాలి. 1,000 దిర్హముల జీతంలో తిండికి, ఫోనుకు, చిల్లర ఖర్చులకు 400 పోగా 600 దిర్హములు ఇంటికి చేరతాయనుకుని, దిర్హమును 23 రూపాయలుగా లెక్కిస్తే నెలకు 13,800 రూపాయలు వస్తాయి. పాత, కొత్త అప్పులు కలిపి 3,60,000 అయినప్పుడు మొదటి నెల వడ్డీయే 7,200 రూపాయలు. వచ్చిన ప్రతి రూపాయినీ అప్పుకే కట్టినా, అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గినా, పూర్తిగా తీరడానికి మూడేళ్లకు పైగా పడుతుంది. అక్కడి ఉద్యోగ వీసా సాధారణంగా రెండేళ్లకే ఉంటుంది కాబట్టి, ఆయన మొదటిసారి తిరిగి వచ్చే నాటికి కుటుంబం ఇంకా బాకీలోనే ఉంటుంది.

రెండవది చట్టం. పదో తరగతి పాసు కానివారికి ఇచ్చే పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే నిర్దేశిత దేశాలకు ఉద్యోగానికి వెళ్లే ముందు ప్రభుత్వ వలస అనుమతి తప్పనిసరైనది. ఆరు గల్ఫ్ దేశాలూ ఆ జాబితాలో ఉన్నాయి. 1983 నాటి వలస చట్టం కింద ఈ అనుమతి ఇచ్చే అధికారిని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అంటారు, ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. విజిట్ వీసా ఈ తనిఖీని తప్పించుకునే దొడ్డిదారి మాత్రమే: దానిపై పని చేయడం అక్కడి చట్టం ప్రకారం నేరం, జీతం ఎగ్గొట్టినా చూపడానికి ఒప్పందం ఉండదు, గడువు దాటితే రోజురోజుకూ జరిమానా పెరుగుతుంది. ఇలా చట్టబద్ధమైన నివాసం కోల్పోయి దొంగచాటుగా పని చేసేవారినే గల్ఫ్ కార్మికులు ఖల్లివల్లి అని పిలుస్తారు. వారిలో అనేకులు అక్కడి ప్రభుత్వాలు క్షమాభిక్ష ప్రకటించేదాకా ఇంటికి రాలేకపోయారు.

సక్రమమైన దారి ఖర్చు కూడా తక్కువే. కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు కార్మికుడి నుంచి 30,000 రూపాయలకు, దానిపై జీఎస్టీకి మించి సేవా రుసుము తీసుకోకూడదు; ఏజెంటు నమోదును ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు, తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు నియామకాలు జరుపుతుంది. వైద్య పరీక్ష, ఇతర ఖర్చులు కలిపి 60,000తో బయలుదేరగలిగితే మొత్తం అప్పు 2,60,000 దగ్గర ఆగి, పై లెక్క ప్రకారమే సుమారు రెండేళ్లలో, అంటే మొదటి వీసా గడువులోనే తీరే అవకాశం ఉంటుంది. ఈ దారిలో వెళ్లేవారికి తప్పనిసరైన ప్రవాసీ భారతీయ బీమా యోజన, ప్రమాద మరణానికి లేదా శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయల రక్షణ ఇస్తుంది. సహజ మరణానికి ఆ బీమా వర్తించదు. అయితే గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షలు ఇచ్చే విధానాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024లో తీసుకువచ్చింది.

అప్పు స్వరూపాన్ని మార్చడం మూడవది, అది లేఖకురాలి చేతిలోనే ఉన్న పని. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మహిళా సంఘాలకు 3 లక్షల వరకు ఇచ్చే బ్యాంకు రుణంపై వడ్డీ 7 శాతం మాత్రమే. సంఘంలో తన వాటాగా వచ్చే రుణంతో పాత బాకీలో కొంత తీర్చినా, ఆ మేరకు వడ్డీ మూడో వంతు కంటే తక్కువకు దిగుతుంది. భూమి తాకట్టు మాట మాత్రం ఎవరు ఎత్తినా ఒప్పుకోకూడదు, ఎందుకంటే ప్రయాణం విఫలమైతే కుటుంబం తిరిగి నిలబడడానికి మిగిలేది ఆ భూమే. ఒప్పందం, వీసా, పాస్‌పోర్టుల నకళ్లు ఇంట్లో ఉంచుకోవడం, పంపే సొమ్ము ఆమె ఖాతాకే చేరేలా ముందే మాట్లాడుకోవడం భర్తపై అనుమానంతో చేసే పనులు కావు. దూరంగా ఉన్న మనిషికి ఆపద వస్తే రాయబార కార్యాలయానికి ఫిర్యాదు చేయడానికి అవే ఆధారాలు.

కూతురి విషయంలో అత్తగారి మాటకు మర్యాదగానే, కానీ గట్టిగా కాదని చెప్పాలి. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఉపకార వేతనం ఉంది. గురుకుల జూనియర్ కళాశాలల్లో చదువు, వసతి ఉచితం. బాసరలోని ఆర్జీయూకేటీ పదో తరగతి మార్కుల ఆధారంగానే ఆరేళ్ల సమీకృత బీటెక్‌కు విద్యార్థులను తీసుకుంటుంది. వీటన్నిటికీ దరఖాస్తు గడువులు ఉంటాయి, దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. ఆ అమ్మాయిని బీడీల్లో కూర్చోబెడితే వచ్చే కూలి, పైన లెక్కించిన నెల వడ్డీకి కూడా చాలకపోవచ్చు.

కాబట్టి ఈ ఇంట్లో పనుల వరుస స్పష్టం: ముందు కూతురి దరఖాస్తు, తర్వాత సంఘం రుణం, ఆపైన నమోదైన ఏజెంటు ద్వారా లిఖిత ఒప్పందం, చివరగా ప్రయాణం. భర్తను వద్దనడం కాక, కంపెనీ వీసా చేతికి వస్తేనే వెళ్లమనడం లేఖకురాలు తీసుకోదగిన స్థానం. అది రావడానికి ఆరు నెలలు పట్టినా వాయిదా పడవలసింది విమానమే గాని, చదువు కాదు.