కారు ఆగినా ఇంజను ఎందుకు ఆగదు?

రైల్వే గేటు దగ్గర కారు ఆగింది. డ్రైవరు యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీశాడు. అయినా ఇంజను మెల్లగా తిరుగుతూనే ఉంది. దీనినే ‘ఐడ్లింగ్’ అంటారు. మరి అప్పుడు ఇంజనుకు ఆహారం ఎక్కడిది?

పాత అంబాసిడర్ వంటి పెట్రోలు కార్లలో గాలినీ పెట్రోలునూ కలిపేది కార్బురేటరు. కాలు తీయగానే అందులోని థ్రాటిల్ అనే తలుపు దాదాపు మూసుకుంటుంది. కాని ఒక స్క్రూ దానిని పూర్తిగా మూసుకోనివ్వదు. ఆ సందుగుండా కొద్ది గాలి, వేరొక సన్నని రంధ్రంగుండా కొద్ది పెట్రోలు లోపలికి పోతాయి.

చిన్న లెక్క చేద్దాం. ఇంజను నిమిషానికి 800 సార్లు తిరుగుతోందనుకోండి. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరులోనూ రెండు చుట్లకొకసారి పెట్రోలు మండుతుంది. నాలుగు సిలిండర్లలో కలిపి నిమిషానికి 1600 సార్లు, అనగా సెకనుకు సుమారు 27 సార్లు! వీటిలో కొన్ని తప్పినా ఇంజను వణుకుతుంది.

ఐడ్లింగ్ సరిచేసే ముందు మెకానిక్కు ఇంజనును బాగా వేడెక్కనిస్తాడు. మొదటి స్క్రూతో వేగాన్ని సరిచేస్తాడు. రెండవ స్క్రూ మిశ్రమానిది. 1 కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 15 కిలోల గాలి కావాలి. ఇంజను నునుపుగా, ఎక్కువ వేగంగా తిరిగేచోట ఈ స్క్రూను ఆపుతాడు. పెరిగిన వేగాన్ని మళ్ళీ మొదటి స్క్రూతో తగ్గిస్తాడు.

రోడ్డుమీద చక్కగా నడిచే కారు గేటు దగ్గర మాత్రం ఆగిపోతోందా? ఆ సన్నని రంధ్రంలో నలక పడి ఉండవచ్చు. లేదా కార్బురేటరు కింది అతుకులోనుంచి దొంగగాలి దూరుతూ ఉండవచ్చు. వేగంలో ఆ గాలి ఎందుకు బాధించదు? గ్లాసుడు నీళ్ళు చెంబెడు పాలను పలచన చేస్తాయి. గంగాళంలో పోస్తే తెలియనే తెలియవు. ఇదీ అంతే! స్పార్కు ప్లగ్గు మీద నల్లని మసి ఉంటే మాత్రం, బహుశా పెట్రోలు ఎక్కువైందన్నమాట.

నేటి కార్లలో ఈ సర్దుబాటును కంప్యూటరే చేస్తుంది.

ఒక్క హెచ్చరిక. మూసిన షెడ్డులో ఏ కారు ఇంజనునూ నడపనివ్వకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పితో మొదలై ప్రాణమే తీయవచ్చు. అందుచేత ముందు తలుపులు తెరవండి, కారును బయటికి తెప్పించండి. ఆ తరువాతే ఇంజను పాట వినండి!