కుట్టని దోమకు కొత్త పేరు పెట్టాలంటే

చెరువుగట్టు మీద చీకటిపడే వేళ దీపం చుట్టూ ముసిరే సన్నని దోమల్లో చాలావాటికి మనిషి రక్తంతో పనే లేదు. ఇవి కైరోనోమిడే కుటుంబానివి. రక్తం పీల్చే పొడవాటి తొండం వీటికి ఉండదు, రెక్కల మీద పొలుసులూ ఉండవు. గోడ మీద వాలినప్పుడు మామూలు దోమ వెనక కాళ్లు పైకెత్తుతుంది, ఇవి ముందు కాళ్లు ఎత్తుతాయి. అక్వేరియం దుకాణంలో చేపల మేతగా అమ్మే ఎర్ర పురుగులు ఈ కుటుంబంలోని కొన్ని జాతుల లార్వాలే. వాటి ఎరుపు హిమోగ్లోబిన్‌ది. ప్రాణవాయువు తక్కువగా ఉండే అడుగు బురదలో అవి బతకగలిగేది దానివల్లే.

ప్రపంచం మొత్తం మీద వీటిలో 6000కు పైగా జాతులకు పేర్లున్నాయి. పేరు లేనివి ఇంకా ఎన్నో ఉన్నాయి. అలాంటిదాన్ని పట్టుకోవడం ఒక పూట పని. దానికి ఇంతకుముందు ఎవరూ పేరు పెట్టలేదని నిరూపించాలి, మీ రాత చదివినవారు రేపు అదే పురుగును గుర్తుపట్టగలగాలి. కష్టమంతా అక్కడే.

ముందు అనుమతి సంగతి చూసుకోండి. కొల్లేరు, పులికాట్ లాంటివి అభయారణ్యాలు. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా వల వేయకూడదు. ఊరి చెరువుతో మొదలుపెట్టడం మేలు. రాత్రి తెల్లగుడ్డ ముందు దీపం పెడితే రెక్కల పురుగులు వచ్చి వాలతాయి. పొద్దున్నే నీటి అంచున నురగతో పాటు తేలే ప్యూపా తొడుగులను సన్నని వలతో తీయండి. అడుగు మట్టిని జల్లెడపడితే లార్వాలు దొరుకుతాయి. ప్రతి సీసాలోనూ పెన్సిల్‌తో రాసిన చీటీ వేయాలి. ఊరు, మండలం, జిల్లా, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, పట్టినవారి పేరు అందులో ఉండాలి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. చీటీ లేని పురుగు ఎంత అరుదైనదైనా శాస్త్రానికి పనికిరాదు.

తర్వాతిది పెంపకం. కొత్తవారు ఎక్కువగా వదిలేసేది ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనదీ ఇదే. బాగా ఎదిగిన లార్వాలను ఒక్కో చిన్న సీసాలో ఒక్కొక్కటిగా వేయండి. ఆ చెరువు నీరే కొద్దిగా పోసి, చిటికెడు మట్టి వేసి, మూతికి దూది పెట్టండి. లార్వా ప్యూపాగా మారేటప్పుడు విడిచిన చర్మం అడుగున పడి ఉంటుంది, తల భాగం దాంట్లోనే ఉంటుంది. దాన్ని పారబోయకండి. ప్యూపా నీటిపైకి తేలాక వీపు మీద చీలిక పడి, క్షణాల్లో రెక్కల పురుగు బయటికి వచ్చి తన తొడుగు మీదే నిలబడుతుంది. దాన్ని ఒక రోజు అలాగే వదిలేస్తే రంగు తేలి, ఒళ్లు గట్టిపడుతుంది. అప్పుడు ఆల్కహాల్‌లో వేయండి. లార్వా చర్మం, ప్యూపా తొడుగు, రెక్కల పురుగు మూడింటికీ ఒకే నంబరు ఇవ్వండి. ఈ మూడు దశలూ ఒకే ప్రాణివని చెప్పే గట్టి సాక్ష్యం ఇదే.

ఇక స్లైడు. రెక్కలు, కాళ్లు, తల, ఛాతీ, పొట్ట విడదీసి, వేర్వేరు కవర్‌స్లిప్పుల కింద అమర్చుతారు. రెక్కలను ముందే తీసి పక్కన పెట్టి, పొట్టను 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉంచితే లోపలి కండ కరిగి పైపెంకు తేటపడుతుంది. ఈ ద్రావణం చర్మాన్ని కాలుస్తుంది, చేతి తొడుగులు తప్పనిసరి. తర్వాత గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం, ఆపైన ఆల్కహాల్, చివరికి యూపరాల్ లేదా కెనడా బాల్సమ్. డీఎన్ఏ కూడా కావాలనుకుంటే పొటాషియం హైడ్రాక్సైడ్ బదులు ప్రొటీనేజ్-కె ద్రావణంలో నానబెట్టండి. డీఎన్ఏ ద్రావణంలోకి వస్తుంది, పెంకు శుభ్రపడి స్లైడుకు మిగులుతుంది.

మైక్రోస్కోప్ కింద అసలు చూడాల్సింది మగ పురుగు పొట్ట చివర ఉండే హైపోపైజియం. రెండు పక్కలా గోనోస్టైలస్ అనే కొసలు పట్టకారులా వంగి ఉంటాయి. చాలా ప్రజాతుల్లో నడుమ ఆనల్ పాయింట్ అనే మొన, దాని ఇరుపక్కలా వోల్సెల్లాలు అనే భాగాలు కనిపిస్తాయి. ఒక జాతికి, దాని దగ్గరి జాతికి తేడా తరచూ ఒక వోల్సెల్లా వంపులోనో, దాని మీది వెంట్రుకల లెక్కలోనో ఉంటుంది. అందుకే ఈ భాగాన్ని పైవైపు కంటికి కనిపించేలా తిన్నగా పరచాలి. పక్కకు ఒరిగితే ఆకారమే మారిపోతుంది, లేని తేడాలు కనిపిస్తాయి.

కొలతల్లో రెండు తప్పనిసరి. మగ పురుగు యాంటెన్నా చివరి ఖండం పొడవును మిగతా ఖండాల మొత్తంతో భాగిస్తే వచ్చేది ఏఆర్. కాలి చివరి భాగమైన టార్సస్‌లోని మొదటి ఖండం పొడవును, దానికి పైనుండే టిబియా పొడవుతో భాగిస్తే వచ్చేది ఎల్ఆర్. ముందు కాలిలో ఈ ఎల్ఆర్ సాధారణంగా కైరోనోమినే ఉపకుటుంబంలో 1కి పైన, ఆర్థోక్లాడినేలో 1కి లోపు ఉంటుంది. ఒకే ఒక్క పురుగును కొలిచి ఊరుకోకండి. దొరికినన్ని కొలిచి, కనిష్ఠం, గరిష్ఠం రెండూ రాయండి.

పోల్చడానికి ఓపిక కావాలి. ఆ ప్రజాతిలో ఇప్పటికే ఉన్న పేర్ల వర్ణనలన్నీ చదవాలి. జె.జె. కీఫర్ అనే మతగురువు 1911లో కలకత్తా ఇండియన్ మ్యూజియం సేకరణ చూసి మన జాతులెన్నింటినో వర్ణించారు. ఆ కాలపు వర్ణనలు పొట్టివి. వాటిని చదివి సందేహం తీరకపోతే అసలు నమూనా ఎక్కడుందో వెతికి చూడాల్సిందే. అదే జాతికి ముందే పేరుందని తేలితే మీ పేరు చెల్లదు. సీఓఐ జన్యువులోని 658 బేస్‌ల బార్‌కోడ్ ఇక్కడ బాగా సాయపడుతుంది. కానీ అదొక్కటే చూపించి కొత్త జాతి అనకండి.

పేరు లాటిన్ పద్ధతిలో ఉండాలి, అది విశేషణమైతే ప్రజాతి పేరు లింగానికి తగ్గట్టు ఉండాలి. 1758లో లిన్నేయస్ టిప్యూలా ప్లుమోసా అన్న పురుగు ఇప్పుడు కైరోనోమస్ ప్లుమోసస్. ప్రజాతి మారింది కాబట్టి ఆయన పేరును బ్రాకెట్లలో రాస్తారు. కైరోనోమస్ రామోసస్ చౌధురి, దాస్, సబ్లెట్, 1992 అన్నప్పుడు బ్రాకెట్లు లేవు, అది మొదటినుంచీ అదే ప్రజాతిలో ఉంది. మీ పేరే పురుగుకు పెట్టుకోవద్దు. జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమావళిలో నిషేధం లేకపోయినా అది మర్యాద కాదు.

వ్యాసంలో ఒక్క పురుగును హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకు ఆధారమైన నమూనాగా ప్రకటించి, అది ఏ సంస్థలో ఉంటుందో రాయాలి. వ్యాసం ఎలక్ట్రానిక్ పత్రికలోనే వస్తే జంతువుల పేర్ల నమోదు పట్టిక అయిన జూబ్యాంక్‌లో నమోదై ఉండాలి. సోషల్ మీడియాలో పెట్టిన పేరు లెక్కలోకి రాదు. 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతి నమూనాలను ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి ఇవ్వడం తప్పనిసరి. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటిదే.

మీకు దొరికింది పాత జాతే అని తేలినా, పెంచి జతచేసిన ఆ స్లైడులను పారేయకండి, భాండాగారానికి ఇవ్వండి. మన దేశంలో పేరున్న జాతుల్లో చాలావాటిని మగ పురుగును చూసి మాత్రమే వర్ణించారు. వాటిలో చాలావాటి లార్వాలు ఎలా ఉంటాయో ఇంకా ఎవరూ రాయలేదు.