పంట కాపలాకు మోసుకొనిపోదగిన మంచె

కొండవార మెట్ట భూములలో మొక్కజొన్న పాలు పోసుకొను సమయమున అడవి పందుల గుంపు ఒక్క రాత్రి దిగెనా, రైతు కష్టమంతయు తెల్లవారుసరికి నేలపాలగును. వేరుశనగ, చిలగడదుంప చేలకును ఇదే గతి. సీతంపేట, సాలూరు, మెంటాడ ప్రాంతముల రైతులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

మంచె కట్టి, వడిసెలతో రాళ్లు రువ్వి గంటె, చోడి చేలను కాపాడుట మన పెద్దలనాటి పద్ధతియే. కాని పాతిన మంచె పంట కోయు వరకు ఒకే చోట నుండును. పంది అట్లు కాదు. రెండు రాత్రులు ఒక గట్టున అలికిడి వినెనా, మూడవ రాత్రి గెడ్డ వెంబడి తిరిగివచ్చి మరొక మూల దిగును. కనుక మంచెయు దానితోపాటు కదలవలెను.

అమెరికా దేశమున పచ్చిక బయళ్లకు మడత బల్లలు తీసికొనిపోయి, వాటిపై తుపాకి ఆనించి, దూరమున బొరియలు త్రవ్వు జంతువులను కాల్చుట కలదు. అది వేటగాని బల్ల. వేటగాడు దాగియుండవలెను, గాలి తనవైపు వీచునట్లు చూచుకొనవలెను. మన కాపలాదారు పని దీనికి సరిగా వ్యతిరేకము. పందికి చూపు మందము, ముక్కు మాత్రము మిక్కిలి చురుకు. మనిషి యున్నాడని దానికి ముందుగా తెలియుటయే మనకు కావలసినది. అందుచేత గాలి మంచె మీదుగా కొండవైపు వీచుచోటు దొరికిన మరింత మేలు.

మంచెకు సరుగుడు వాసములు చాలును. 12 అడుగుల వాసములు నాలుగు తీసికొని, రెండేసి వాసములకు మూడేసి అడ్డకర్రలు కట్టిన, నిచ్చెనల వంటి రెండు చట్రములగును. క్రింద నాలుగడుగులు, పైన మూడడుగులు ఎడముండవలెను. ఈ రెండింటిని ఎదురెదురుగా నిలిపి, 7 అడుగుల ఎత్తున గట్టి కర్రలతో కలిపి, వాటిపై వెదురు తడిక పరువవలెను. పైన మిగిలిన భాగము చేయి పట్టుకొనుటకును, తాటాకు కప్పుటకును పనికివచ్చును. నాలుగు ప్రక్కల ఐమూలగా కర్రలు కట్టుట మరువరాదు. కొందరు ఇవి దండుగ యని వదలివేయుదురు. అట్టి మంచె మనిషి కదలినప్పుడెల్ల ఊగి, చివరకు ఒరిగిపోవును. మేకులు కొట్టక కొబ్బరి తాడుతోనే కట్టిన, విప్పి ఇద్దరు మనుష్యులు మోసుకొనిపోవచ్చును. కాళ్లు ఒక జానెడు లోతున పాతి, తడి నేలయైన అడుగున పలక రాయి వేయవలెను. ఎక్కుటకు ముందు ఇద్దరు పట్టి ఊపి చూడవలెను.

స్థలము ఎంచుకొనుటకు పగటివేళ గట్లు తిరిగి గిట్టల జాడలు, ముట్టెతో త్రవ్విన గుంటలు చూడుడు. ఆ దారికి ఎదురుగా, చేను అంచున మంచె నిలిపి, జాడ మారినప్పుడు మార్చుడు. ప్రొద్దు గూకినది మొదలు టార్చి వెలుతురు, డబ్బా మ్రోత ఉండవలెను. ఒకే తీరున మ్రోగిన పందులు అలవాటుపడును.

అన్ని చోట్ల మంచె క్షేమము కాదు. 2018 నుండి ఒడిశా వైపునుండి వచ్చిన ఏనుగులు తిరిగిన కొమరాడ, కురుపాం, జియ్యమ్మవలస ప్రాంతములలో ఏనుగుల జాడ తెలిసిన రాత్రి మంచె ఎక్కరాదు. ఏడడుగుల మంచె ఏనుగుకు అడ్డు కానేరదు. ఉద్దానపు జీడితోటలలో ఎలుగుబంటి భయము కలదు; ఒంటరిగా దిగి చీకటిలో నడువరాదు. ఉరుము వినిన వెంటనే మంచె దిగి ఇల్లు చేరవలెను.

ఇక తుపాకి మాట. 1959 నాటి ఆయుధ చట్టము క్రింద పంట రక్షణకు, మూతినుండి మందు కూరు తుపాకికి లైసెన్సు ఇచ్చుట కలదు. అయితే లైసెన్సు వేరు, పందిని కాల్చుటకు అనుమతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములోని 11వ సెక్షను ప్రకారము, పంటకు హాని చేయు పంది విషయమునను అధికారము గల అటవీ అధికారి వ్రాతపూర్వకమైన ఉత్తరువు ఉండవలెను. బీహారు, ఉత్తరాఖండులలో 2015, 2016 సంవత్సరములలో అడవి పందిని పరిమిత కాలమునకు హానికర జంతువుగా కేంద్రము ప్రకటించినది. ఆ ప్రకటన ఆ ప్రాంతములకే చెల్లును. పంట నష్టమైన రైతు ఆనవాళ్లు చెరుగకముందే గ్రామాధికారికి చూపి, అటవీ శాఖకు అర్జీ పెట్టుకొనవలెను.

గట్టున కరెంటు తీగ లాగుట మాత్రము ఎవరును చేయరాదు, ఎవరిని చేయనీయరాదు. రాత్రి మంచె దిగి ప్రక్క చేనికి పరుగెత్తునది పందియే కాదు, కాపలాదారుడును పరుగెత్తును. నాటుబాంబులు పశువుల నోళ్లు పగులగొట్టును. గ్రామాధికారులు ఈ రెండింటి విషయమున మొగమాటము చూపరాదు.

ఒక్కొక్క రైతు ఒక్కొక్క మంచె కట్టుకొనుటకంటె, ఒకే కొండవార నున్న పది మంది కలసి రెండు మంచెలు చేయించుకొని, వంతులవారీగా ఇద్దరిద్దరు కాచిన నిద్రయు, ఖర్చును కలసివచ్చును. కోత ముగిసిన పిదప తాళ్లు విప్పి, వాసములు చెదలు పట్టకుండ నేలకు తగులని చోట, నీడలో పేర్చుకొనవలెను. తాళ్లు మాత్రము ఏటేటా క్రొత్తవి వేయుడు.